అరకు కొండల పాత టోపో షీటులో అడవిని ఎలా చదవాలి?

అందరికీ నమస్కారం. మా తాతగారి ట్రంకుపెట్టెలో సర్వే ఆఫ్ ఇండియా వారి పాత టోపో షీటు (కొండలు, వాగులు, బాటలు చూపే పటం) ఒకటి దొరికింది. అరకు వైపుది, షీటు నంబరు 65 జె వరుసలోది, మైలుకు అంగుళం కొలత. మడతల దగ్గర చిరిగినా కాంటూర్ గీతలు (ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలిపేవి) స్పష్టంగానే ఉన్నాయి. గాలికొండ వాలులో అవి ఎంత ఒత్తుగా ఉన్నాయంటే, వేలు పెడితే ఒక్కటీ విడిగా కనబడదు. వాటి మధ్య సన్నని నీలి వాగు, పక్కనే చుక్కల గీతగా కాలిబాట. చిన్నప్పుడు తాతగారితో నేను నడిచింది ఆ బాటేనని నా నమ్మకం.

ఇప్పుడు అక్కడ సిల్వర్ ఓక్ నీడలో కాఫీ తోటలు. షీటులో ఆకుపచ్చ వేసిన చోటల్లా నిజంగా దట్టమైన అడవి ఉండేదా, లేక రిజర్వు ఫారెస్టు అని చూపడానికి అలా వేశారా? మధ్యలో తెల్లగా వదిలిన ముక్కలు పోడు కొట్టిన చోట్లేనా?

ఇంకో సమస్య. స్కాన్ చేసి శాటిలైట్ ఫొటో మీద పెడితే వాగు పక్కకు జరిగిపోతోంది. పాత షీట్లు ఎవరెస్ట్ డేటమ్ (అక్షాంశ రేఖాంశాలు లెక్కించే ఆధారం) మీద, ఇప్పటివి డబ్ల్యూజీఎస్ 84 మీద ఉంటాయని చదివాను. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో దీన్ని సరిచేసినవాళ్లు ఉంటే దయచేసి పద్ధతి చెప్పండి. వానలు మొదలయ్యేలోపు ఆ బాట వెతకడానికి వెళ్లాలనుకుంటున్నాను.