వయసు 31, నాలుగు బ్లాస్టోసిస్టులు: ఒకటి పెట్టించుకోవాలా, రెండా?

రాజోలు వైపు:
మొదటి ఐవీఎఫ్. ఐదో రోజు పిండాలు (బ్లాస్టోసిస్టులు) నాలుగు ఫ్రీజ్ చేశారండి, గ్రేడులు: 4ఏఏ, 4ఏబీ, 3బీబీ రెండు. జనవరి 20న ట్రాన్స్‌ఫర్ (గర్భాశయంలో పెట్టడం). డాక్టరుగారు ఒకటే చాలంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్లేమో రెండు పెట్టించేస్తే ఒక్క కాన్పుతో అయిపోతుంది, ఖర్చూ కలిసొస్తుంది అంటున్నారు. మాది లంక ఊరు, కాకినాడ తిరగడం కష్టం. ఏం చేయమంటారు?

ల్యాబ్ అక్క:
ఒకటేనమ్మా. గ్రేడులో అంకె పిండం ఎంత ఉబ్బిందో చెబుతుంది, మొదటి అక్షరం బిడ్డయ్యే కణాల ముద్ద, రెండోది మాయ అయ్యే పైపొర. మీవి మొదటి రెండూ చాలా మంచివి. 3బీబీతోనూ గర్భాలు నిలుస్తాయి.

2004లో వచ్చిన స్కాండినేవియా ట్రయల్‌లో 36 ఏళ్లలోపు 661 మందిని చూశారు. రెండూ ఒకేసారి పెట్టినవాళ్లలో 42.9 శాతం మందికి బిడ్డ పుట్టింది. ఒకటి పెట్టి, నిలవకపోతే ఫ్రీజ్ చేసింది ఇంకోటి పెట్టినవాళ్లలో 38.8. కాన్పుల్లో కవలలు మాత్రం రెండూ ఒకేసారి పెట్టినవాళ్లలో 33.1 శాతం, ఒక్కొక్కటే పెట్టినవాళ్లలో 0.8 శాతం! అప్పటి ఫ్రీజింగు పాత పద్ధతి. ఇప్పుడు విట్రిఫికేషన్‌లో (చాలా వేగంగా గడ్డకట్టించే పద్ధతి) మంచి బ్లాస్టోసిస్టులు నూటికి తొంభైకి పైగా బతుకుతాయి. పైగా ఒక్కో పిండం తనంతట తానే రెండుగా చీలవచ్చు, కాబట్టి రెండు పెడితే ఇద్దరితోనే ఆగుతుందన్న హామీ లేదు.

పసిపిల్లల వార్డు:
ఖర్చు లెక్కలో ఎన్ఐసీయూ (పసిపిల్లల ఐసీయూ) కూడా వేయండి. కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకుండానే పుడతారు. ఐదో రోజు పిండానికి ట్రాన్స్‌ఫర్ నుంచి కాన్పు తేదీకి 261 రోజులు, అంటే మీకు అక్టోబరు 8. ఐదు వారాలు ముందొస్తే సెప్టెంబరు 3. గోదావరికి వరదొచ్చే కాలం అది, కాజ్‌వే మునిగితే పడవే దిక్కు. నెలలు నిండని బిడ్డ నాలుగుసార్లు చప్పరించి అలిసిపోతుంది. పీల్చడం, మింగడం, ఊపిరి మూడూ కుదరవు, గొట్టంతో పాలు పట్టాలి. అలాంటివాళ్లు ఇద్దరు. తల్లికి బీపీ, షుగరు, రక్తస్రావం ముప్పు కూడా పెరుగుతుంది.

గోదారి గట్టు:
వయసు 38 దాటినా, మంచి పిండాలు రెండు మూడుసార్లు నిలవకపోయినా రెండు పెట్టే ఆలోచన చేస్తారు. జన్యు పరీక్షలో సరిగ్గా ఉన్నదైతే ఏ వయసుకైనా ఒకటే. పాత సిజేరియన్ కుట్టు ఉంటే రెండు మాటే ఎత్తొద్దు.

రాజోలు వైపు:
మొదటిది నిలవకపోతే మళ్లీ మొదటి నుంచా అండీ?

ల్యాబ్ అక్క:
కాదమ్మా. ఇంజెక్షన్ల కోర్సు, గుడ్లు తీయడం, మత్తు ఏవీ ఉండవు. మందుల సైకిల్ అయితే బహిష్టు రెండో రోజు ప్రాంతంలో గర్భాశయం లోపలి పొరని పెంచే ఎస్ట్రాడయోల్ మాత్రలు మొదలు, పది పన్నెండు రోజులకి స్కాన్. ఆ పొర 7 మిల్లీమీటర్లు దాటి మూడు గీతలుగా కనబడితే ప్రొజెస్టిరాన్ (పొరని పిండానికి సిద్ధం చేసే హార్మోన్), ఐదు రోజులు పూర్తయ్యాక ఆరో రోజు ట్రాన్స్‌ఫర్. ప్రొజెస్టిరాన్ మొదలుపెట్టిన తేదీ, గంట కాగితం మీద రాసుకోండి. అది ఒక రోజు తప్పితే పొర ఒక దశలో, పిండం ఇంకో దశలో ఉంటాయి. మధ్య స్కాన్ అమలాపురంలో తీయించి రిపోర్టు పంపితే ఒప్పుకుంటారేమో అడగండి.

సంతకానికి ముందు కన్సెంట్ ఫారంలో "ఎన్ని పిండాలు" అన్న గడి చూడండి. ఖాళీగా ఉంటే 1 అని రాయించండి. ముందు 4ఏఏ ఒక్కదాన్నే కరిగించి, అది బతకకపోతేనే రెండోది తీయాలని కూడా రాయించండి. మిగిలినవి ఐవీఎఫ్ లాంటి చికిత్సలకి వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం పదేళ్ల దాకా దాచుకోవచ్చు, ఏటా కట్టే నిల్వ ఫీజు రసీదులు భద్రంగా ఉంచండి.