టీమ్ లీడ్‌ల శిక్షణకి గిరీశం పనికొస్తాడా?

కొత్తబాధ్యత:
కొత్తగా టీమ్ లీడ్‌లైన 12 మందికి 90 నిమిషాల సెషన్ పెట్టాలి. విదేశీ సీఈవోల కొటేషన్లు స్లైడ్ల మీద చూసి చూసి అందరికీ మొహం మొత్తింది. మన సాహిత్యంలోని పాత్రలతో నడపొచ్చా? రాముడు, కృష్ణుడు అంటే చర్చ భక్తి వైపు మళ్లుతుందేమోనని సందేహం. ఏ పాత్ర, ఏ ఘట్టం, ఎంతసేపు? కాస్త వివరంగా చెప్పగలరు.

బొంకులదిబ్బ:
ముందు ఘట్టం ఎంచుకోండి, పాత్రలు వాటంతటవే వస్తాయి. "గిరీశం నుంచి ఏం నేర్చుకోవచ్చు?" అని అడిగారంటే "మాటకారితనం" అని ఒకరంటారు, తక్కినవాళ్లు నవ్వుతారు, అక్కడితో సరి.

గురజాడ నాటకం కన్యాశుల్కం ద్వితీయాంకం తీసుకోండి. సెలవుల్లో వెంకటేశానికి చదువు చెబుతానని గిరీశం కృష్ణరాయపురం అగ్రహారంలో దిగుతాడు. వెంకటేశం తల్లి వెంకమ్మ ముచ్చటపడి ఇద్దర్నీ ఇంగ్లీషులో మాట్లాడమంటుంది. 'ట్వింకిల్ ట్వింకిల్' మొదలు జామెట్రీ సూత్రం దాకా నోటికొచ్చిన ముక్కలన్నీ గురుశిష్యులు ఒకరి మీదొకరు విసురుకుంటారు. మేనమామ కరటకశాస్త్రి మాత్రం తనకి పట్టున్న చోట పట్టుకుంటాడు. తెలుగు పద్యం చదవమని, అర్థం అడుగుతాడు. వెంకటేశం తెల్లమొహం వేస్తే గిరీశం అడ్డుపడి మాట దాటేస్తాడు.

అచ్చంగా ఇంటర్వ్యూ ప్యానెల్ ఇది. పాత్రలు పంచి పైకి చదివించండి, 10 నిమిషాలు చాలు. తర్వాత ముగ్గురేసి చొప్పున నాలుగు గుంపులు, 15 నిమిషాలు, ఒక్కటే ప్రశ్న: మీకు రాని పనిలో మనిషిని ఎలా పరీక్షిస్తారు? ఆ పని తెలిసినవాళ్లని ఒకరినైనా పక్కన కూర్చోబెట్టుకోవడం, చేసిన పని తెచ్చి చూపించమనడం, అందులో ఒక ముక్క ఎందుకలా చేశారని అడగడం లాంటివి వాళ్లే చెబుతారు.

గిరీశం అడ్డుపడిన క్షణాన్ని మాత్రం చాలామంది వదిలేస్తారు. రివ్యూలో జూనియర్‌ని అడిగిన ప్రశ్నకి లీడే జవాబు చెప్పేస్తే జరిగేదీ ఇదే. ఆ జూనియర్‌కి ఏం రాదో ఎవరికీ తెలియదు, వాడికి నేర్పే అవసరమూ ఎవరికీ కనబడదు. చర్చ 20 నిమిషాలనుకుంటే సగం దీనికే ఇవ్వండి.

సభాపర్వం:
పురాణం పెడితే భక్తిలో పడుతుందన్నది నిజమే, కానీ జూదం తర్వాతి కౌరవసభలో ఆ బెడద తక్కువ. తన్ను తాను ఓడిపోయినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఎక్కడిదని ద్రౌపది అడుగుతుంది. ధర్మం సూక్ష్మమైనదంటూ భీష్ముడు తేల్చకుండా వదిలేస్తాడు. కౌరవ సోదరుల్లో వికర్ణుడొక్కడే అన్యాయమంటాడు. చిన్నవాడివి, నీకేం తెలుసని కర్ణుడు నోరు మూయిస్తాడు. ఆ తర్వాత తమ్ముళ్లలో ఇంకెవరూ నోరు విప్పరు.

దీనికి మందు చిన్నదే. నిర్ణయం చెప్పే ముందు ప్రతివాళ్లూ అభ్యంతరం చీటీ మీద రాసివ్వాలి, 3 నిమిషాలు. చదివేటప్పుడు అందరికంటే జూనియర్‌ది మొదట, లీడ్ మాట ఆఖరున. వరస తిరగేస్తే అందరూ లీడ్ పాటే పాడతారు.

అచ్చుతప్పు:
గిరీశానికే నా ఓటు, రెండు జాగ్రత్తలతో. 1909 నాటి రెండో కూర్పే వాడండి, 1897 నాటి మొదటిదానికీ దీనికీ చాలా తేడా. గురజాడ పోయింది 1915లో, హక్కుల గడువు ఎప్పుడో తీరింది, జిరాక్స్ తీసుకోవడానికి అడ్డేమీ లేదు. భాష నాటి విజయనగరం వైపుది, ఇంగ్లీషు మీడియం వాళ్లు తడబడతారు. రెండు రోజుల ముందే కాగితాలిచ్చి, కష్టమైన ఓ పదిహేను మాటలకి అర్థాలు వెనక రాసిపెట్టండి. లేకపోతే ఆ 10 నిమిషాలు పాతికవుతాయి.

రెండోది, ఆఫీసులో గిరీశం ఎవరన్న వేళాకోళం మొదలైతే సెషన్ అయిపోయినట్టే. మన ఆఫీసు పేర్లు ఎత్తకూడదని మొదటి నిమిషంలోనే చెప్పేయండి.

అదే నాటకంలోని వకీలు సౌజన్యారావు పంతుల్ని ఎవరూ తలచుకోలేదేం? వేశ్యల మొహం చూడనన్న నియమం ఆయనది. ముసలి పెళ్లికొడుకు లుబ్ధావధాన్ల మీది ఖూనీ ఆరోపణ వీగిపోవాలంటే మాయమైన పెళ్లికూతురు మగపిల్లాడని తెలియాలి. అది తెలిసిన వేశ్య మధురవాణికి ఆయన గడప తొక్కాలంటే మగవేషం వేయక తప్పలేదు. మంచివాడే, కానీ ఎవరి మాట వినకూడదో ముందే తేల్చేసుకున్నాడు. గిరీశం కంటే ఈయన్ని విప్పడమే కష్టం, అందుకే బాగుంటుంది.

కొత్తబాధ్యత:
మూడూ 90 నిమిషాల్లో పడతాయా?

బొంకులదిబ్బ:
పడవు. ద్వితీయాంకం ఒక్కటి చాలు. నియమాలకి 5, చదవడానికి 10, గుంపులకి 15, చర్చకి 20, కలిపి 50. విరామం 10. చివరి 30లో ఒక్కొక్కరూ వచ్చే సోమవారం చేయబోయే పని ఒక్కటి, ఎవరితో ఎప్పుడో సహా, కార్డు మీద రాసి పైకి చదవాలి. "బాగా వింటాను" లాంటివి వెనక్కిచ్చేయండి. సౌజన్యారావుని వచ్చే నెలకి ఉంచుకోండి.