అప్‌డేట్: ఉక్రేనియన్ విద్యార్థులకు ‘హ్యావ్’ క్రియ బోధన

ఉక్రెయిన్ నుంచి వచ్చిన నా విద్యార్థులకు ఇంగ్లీషు క్రియ ‘హ్యావ్’ను ఎలా వివరించాలని గతంలో అడిగాను, మీ సలహాలు చాలావరకు ఫలించాయి. ‘నాకు సోదరుడు ఉన్నాడు’ అని మనం అన్నట్టే వారు ‘ఉ మెనె యె బ్రాత్’ అంటారు గానీ, ‘మాతి’ (కలిగి ఉండు) అనే క్రియతో ‘యా మాయు బ్రాత’ అనడం కూడా వారికి సహజమే కనుక, అక్కడి నుంచే మొదలుపెట్టాను. ‘యా మాయు ఇతి’ అంటే ‘నేను వెళ్లాలి’ అని అర్థం కాబట్టి ‘హ్యావ్ టు’ కూడా తేలికగానే అందింది (ఈ సౌలభ్యం తెలుగు పిల్లలకు లేదు). చిక్కంతా ‘హ్యావ్ బ్రేక్‌ఫస్ట్’ దగ్గరే వచ్చింది: ‘స్నీదతి’ (అల్పాహారం తిను) అనే ఒక్క క్రియతో పని జరుగుతుండగా, అల్పాహారాన్ని ‘కలిగి ఉండటం’ ఏమిటని వారు అడిగారు. ‘ఐ హ్యావ్ సీన్’ (నేను చూశాను) మాత్రం ఇంకా కుదరలేదు. అక్కడ వారు ఏ సహాయక క్రియా లేకుండా ‘యా బాచివ్’ అనేస్తారు.