పన్ను ప్రాక్టీసు వెబ్‌సైటులో పత్రాల అప్‌లోడ్ ఫారం: ఉంచాలా, తీసేయాలా?

పద్దులపెట్టె (ప్రశ్న):

అందరికీ నమస్కారం. తెనాలిలో ఆదాయపు పన్ను, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసే చిన్న కార్యాలయం నాది. నేను, ఇద్దరు సహాయకులు, సీజనులో అదనంగా ఒక కుర్రాడు, అంతే సిబ్బంది. కొన్నేళ్ల కిందట స్థానిక డిజైనరు ఒకరి చేత వర్డ్‌ప్రెస్ అనే సైట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో వెబ్‌సైటు చేయించుకున్నాము. అందులో ‘మీ పత్రాలు పంపండి’ అనే పేజీ ఒకటి ఉంది. హైదరాబాదు, బెంగళూరులలో ఉద్యోగాలు చేసుకుంటున్న మా ఊరివాళ్లు, అమెరికాలో ఉంటూ ఇక్కడి అద్దె ఆదాయానికి రిటర్ను వేయించుకునేవాళ్లు పాన్ కార్డు, ఆధార్, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంటు ఆ పేజీ ద్వారానే పంపుతారు. వాళ్లు ఫారం నింపగానే ఫైళ్లతో సహా నాకు ఈమెయిలు వస్తుంది.

ఈమధ్య ఒక క్లయింటు, ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ‘మీకు మెయిలు వచ్చాక నా ఫైళ్లు సర్వర్‌లో మిగిలే ఉంటాయా, ఉంటే వాటిని ఎవరెవరు చూడగలరు?’ అని అడిగారు. నేను ఆయనకు సమాధానం చెప్పలేకపోయాను. డిజైనరును అడిగితే, సైటు చిరునామా పక్కన తాళం గుర్తు ఉంది కాబట్టి భయపడనక్కరలేదన్నారు. ఆ తాళం గుర్తు నిజంగా సరిపోతుందా? నాబోటి సాంకేతిక పరిజ్ఞానం లేనివాడు సొంతంగా పరీక్షించుకునే మార్గం ఏమైనా ఉందా? ఫారం తీసేయాల్సి వస్తే దూరాన ఉన్నవాళ్ల చేత పత్రాలు ఎలా తెప్పించుకోవాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సర్వరుకాపు:

పద్దులపెట్టె గారూ, మీ క్లయింటు అడిగినదే అసలైన ప్రశ్న. తాళం గుర్తు చెప్పేది ఒక్కటే: క్లయింటు కంప్యూటరు నుంచి మీ సర్వరుకు వెళ్లే దారిలో ఆ ఫైలును మూడోవాళ్లు చదవలేరని. అక్కడికి చేరాక ఆ ఫైలు ఎక్కడ ఉంది, ఎవరికి తెరుచుకుంటుంది అన్న సంగతితో దానికి సంబంధం లేదు. డబ్బు సంచిని బస్సులో భద్రంగా తెచ్చి ఇంటి అరుగు మీద వదిలేస్తే, ప్రయాణంలో ఏమీ పోలేదని చెప్పుకోవడం వల్ల ఉపయోగం ఏముంటుంది? పైగా లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి సంస్థలు ఆ తాళం గుర్తు రావడానికి కావలసిన సర్టిఫికెట్లను ఉచితంగా ఇస్తున్నాయి కనుక మోసగాళ్ల నకిలీ సైట్లకు కూడా అదే తాళం గుర్తు కనిపిస్తుంది.

వర్డ్‌ప్రెస్ సైటులో అప్‌లోడ్ అయిన ఫైళ్లు సాధారణంగా ‘డబ్ల్యూపీ-కంటెంట్’ లోపలి ‘అప్‌లోడ్స్’ ఫోల్డరులో, సంవత్సరం, నెల వారీగా చేరుతాయి. ఆ ఫోల్డరు ఉన్నదే ఫొటోలను అందరికీ చూపించడానికి. అందులో పెట్టిన పాన్ కార్డు కూడా, లింకు తెలిసిన ఎవరికైనా, లాగిన్ అడగకుండానే తెరుచుకుంటుంది. ఫారం ప్లగిన్లన్నీ (సైటుకు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు) ఒక్క తీరుగా పనిచేయవు. కొన్ని మెయిలు పంపిన వెంటనే సర్వరులోని ఫైలును తుడిచేస్తాయి, మరికొన్ని ఎంట్రీతో (నింపిన ఫారం నమోదుతో) పాటు ఎప్పటికీ ఉంచేస్తాయి. మీది ఏ రకమో ఇలా తెలుసుకోవచ్చు: ఏదైనా ఒక ఖాళీ పీడీఎఫ్‌ను మీరే ఫారం ద్వారా పంపండి, తరవాత అడ్మిన్ ప్యానెల్‌లోని ఎంట్రీల పేజీలో ఆ ఫైలు లింకు కనిపిస్తే దాన్ని కాపీ చేసుకుని, లాగిన్ కాని వేరే ఫోనులో, ప్రైవేటు విండోలో తెరవండి. తెరుచుకుందంటే ప్రపంచానికి కూడా తెరుచుకుంటుందనే అర్థం. గూగుల్‌లో ‘సైట్’ అనే ఆదేశంతో మీ డొమైన్ పేరు జతచేసి, పక్కనే పీడీఎఫ్ అని కూడా ఇచ్చి వెతికితే ఇప్పటికే ఏమైనా సెర్చ్‌కు ఎక్కిందో లేదో తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది చెప్పుకునే ధైర్యం మరొకటి ఉంది: ఏఐఎస్‌కు (పన్ను శాఖ ఇచ్చే వార్షిక సమాచార నివేదిక), 143(1) ఇంటిమేషనుకు (రిటర్ను పరిశీలించాక శాఖ పంపే పత్రం) పాస్‌వర్డు ఉంటుంది కదా అని. ఆ పాస్‌వర్డు చిన్న అక్షరాలలో పాన్ సంఖ్య, దాని వెనుక పుట్టిన తేదీ. ఈ రెండూ పాన్ కార్డు మీదే అచ్చయి ఉంటాయి, ఆ కార్డు అదే ఫోల్డరులో పక్కనే ఉంటుంది. ఈ-ఆధార్ పాస్‌వర్డు కూడా పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే వచ్చేదే. కాబట్టి ఒక మనిషి ఫైళ్లన్నీ ఒకేచోట దొరికినవాడికి ఆ పాస్‌వర్డులు అడ్డంకి కావు.

పద్దులపెట్టె:

చాలా కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే పరీక్షించాను. ఫోల్డరు జాబితా తెరుచుకోలేదు గానీ, ఫైలు లింకు నేరుగా ఇస్తే లాగిన్ లేకుండానే తెరుచుకుంది. నన్ను కంగారు పెట్టింది పేర్ల సంగతి: క్లయింట్లు ఎక్కువమంది ఫైలుకు ‘పాన్’ అనే పేరు పెట్టి పంపుతారు కనుక, ఆ నెల ఫోల్డరులో పాన్, పాన్-1, పాన్-2 అని వరుసగా పేరుకుని ఉన్నాయి. గూగుల్‌లో మాత్రం ఏమీ కనిపించలేదు. ఈ ఫైళ్లన్నీ వెంటనే తుడిచేయమంటారా?

సర్వరుకాపు:

కాసేపు ఆగండి, వరుస ముఖ్యం. ముందుగా ఫారం ఉన్న పేజీని డ్రాఫ్టుగా మార్చి కొత్త ఫైళ్లు రాకుండా ఆపండి. తరవాత హోస్టింగ్ సీప్యానెల్‌లో (సర్వరును నిర్వహించుకునే పేజీలో) ‘రా యాక్సెస్’ అనే చోట ఉన్న లాగ్ ఫైళ్లను, అంటే ఏ ఫైలును ఎవరు ఎప్పుడు అడిగారో నమోదయ్యే చిట్టాను, దింపుకుని భద్రపరచండి. తక్కువ ధర హోస్టింగులలో అవి ఎక్కువ కాలం ఉండవు కాబట్టి ఇందులో ఆలస్యం పనికిరాదు. ఆ పైన అప్‌లోడ్స్ ఫోల్డరులోని క్లయింట్ల ఫైళ్లను మీ కంప్యూటరులోకి, అదీ ఎన్‌క్రిప్ట్ చేసిన (పాస్‌వర్డు లేనిదే చదవలేని) డిస్కులోకి దింపుకుని, అప్పుడు సర్వరు నుంచి తీసేయండి. ఫైళ్లు తుడిచినంత మాత్రాన పని అయిపోదు. ఫారం ఎంట్రీలలోని పేర్లు, ఫోను నంబర్లు డేటాబేసులో వేరుగా ఉంటాయి. హోస్టింగు కంపెనీ రోజూ తీసే బ్యాకప్పులో, డిజైనరు ఎప్పుడో తీసి వెబ్ ఫోల్డరులోనే మరిచిపోయిన జిప్ ఫైలులో కూడా పాత కాపీలు ఉండే అవకాశం ఉంది. ఆ జిప్ ఫైలు ఉందేమో తప్పక చూడండి. దానికి ‘బ్యాకప్’ అనే పేరే పెడతారు, సైట్లను వెతుకుతూ తిరిగే యంత్రాలు మొదట ప్రయత్నించే పేర్లలో అదొకటి.

మీరు చెప్పిన పేర్ల వరుస నిజంగా ప్రమాదకరమైనది. ఒక్క లింకు తెలిసినవాడు చివరి అంకె మార్చుకుంటూ పోతే మిగతావన్నీ దొరుకుతాయి. లాగ్‌లో ఒకే ఐపీ చిరునామా (ఇంటర్నెట్ కనెక్షనుకు ఉండే సంఖ్య) నుంచి ఈ వరుస పేర్లు ఒకదాని తరవాత ఒకటి అడిగి ఉంటే, సర్వరు 200 అనే సంకేతంతో జవాబిచ్చి ఉంటే, ఎవరో ఆ పని చేశారని అనుకోవాల్సిందే. ఫైలు లేనప్పుడు 404 అని ఉంటుంది.

కొందరు ‘రోబోట్స్’ ఫైలులో ఆ ఫోల్డరు పేరు రాస్తే గూగుల్ రాదని సలహా ఇస్తారు. ఆ ఫైలు మర్యాదస్తులకు చేసే విన్నపం మాత్రమే. దొంగకు మాత్రం ఎక్కడ వెతకాలో అదే చెబుతుంది.

లెడ్జరుమామయ్య:

చార్టర్డ్ అకౌంటెంటుగా చట్టం వైపు నుంచి రెండు మాటలు చెబుతాను. నాబోటి సీఏలకు 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం రెండవ షెడ్యూలు, మొదటి భాగం, మొదటి క్లాజు ప్రకారం క్లయింటు సమాచారాన్ని ఆయన సమ్మతి లేకుండా ఇతరులకు వెల్లడించడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. మీరు సీఏ కాకపోతే ఆ క్లాజు మీకు వర్తించదు గానీ, సున్నితమైన సమాచారాన్ని నిర్లక్ష్యంగా ఉంచి నష్టం కలిగిస్తే పరిహారం ఇవ్వాలనే సమాచార సాంకేతిక చట్టం సెక్షన్ 43ఏ వర్తిస్తుంది. అందులో ‘బాడీ కార్పొరేట్’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో వృత్తి నిర్వహించే ఏక యజమాని సంస్థ కూడా చేరి ఉంది. చిన్న ఆఫీసు కదా అన్న మినహాయింపు అందులో లేదు. ఆ సెక్షను కింద వచ్చిన 2011 నాటి నియమాలలో బ్యాంకు ఖాతా వంటి ఆర్థిక వివరాలు సున్నితమైన సమాచారం కిందే వస్తాయి.

సైబర్ భద్రతా ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా లీకు, వెబ్‌సైటులోకి అక్రమ ప్రవేశం వంటి ఘటనలను గమనించిన 6 గంటలలోగా తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు ఉంచాలి. సర్వరుకాపు గారు ముందుగా లాగ్‌లు దింపుకోమన్నది అందుకు కూడా పనికొస్తుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో, తగిన భద్రత పాటించని సందర్భానికి జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి; ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. అవి అమలులోకి వచ్చాక డేటా బయటకు పోతే ఆ చట్టం కింది డేటా పరిరక్షణ బోర్డుకే కాక, ఆ డేటా ఎవరిదో ప్రతి వ్యక్తికీ చెప్పాలి. 250 కోట్లు అనే అంకె చూసి బెదరనక్కరలేదు, అది పై హద్దు మాత్రమే. మన వృత్తిలో ఒక క్లయింటు పాన్ మీద ఎవరో దొంగ లోను తీసుకున్నారన్న మాట ఊళ్లో పాకితే, ఏ బోర్డు జరిమానా వేయకముందే ప్రాక్టీసు సగం పోతుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే, మన సైటులో క్లయింటు పత్రం ఒక్క రోజు కూడా ఉండనక్కరలేదు. కార్యాలయం చిరునామా, పని వేళలు, చేసే సేవల పేర్లు, ఏ రిటర్నుకు ఏ పత్రాలు కావాలో తెలిపే పట్టిక ఉంటే చాలు. పత్రాల కోసం ఒక్కో క్లయింటు పేర ఒక్కో క్లౌడ్ ఫోల్డరు తెరిచి, దాన్ని ఆయన ఈమెయిలు ఖాతాకు మాత్రమే షేర్ చేయండి. ‘లింకు ఉన్న ఎవరైనా’ అనే ఎంపిక పెట్టారంటే మళ్లీ మొదటికే వస్తాము. రిటర్ను ఈ-వెరిఫై అయ్యాక ఫైళ్లను కార్యాలయ రికార్డులోకి మార్చి షేరింగ్ తీసేయండి. ఆధార్ తప్పనిసరిగా కావాలంటే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ పంపమని అడగవచ్చు.

అమరావతిరోడ్డు:

ఇంత తలనొప్పి ఎందుకండీ, సైటే మూసేసి వాట్సాప్‌లో తెప్పించుకుంటే పోదా? మా ఆఫీసులో అదే పద్ధతి, ఎవరూ ఏమీ అనలేదు.

లెడ్జరుమామయ్య:

సైటు లేకపోయినా నష్టమేమీ లేదు, ఆ మేరకు ఒప్పుకుంటాను. వాట్సాప్ సందేశం దారిలో భద్రమే. అయితే మీ సహాయకుడి ఫోనులో గ్యాలరీలో ఆటోమేటిక్‌గా దిగే ఆధార్ ఫొటోలు, వాళ్ల ఇంట్లో పిల్లలు ఆడుకునేటప్పుడు కూడా అక్కడే ఉంటాయి. ఆ కుర్రాడు ఉద్యోగం మానేస్తే పత్రాలు అతనితోనే వెళ్లిపోతాయి. వాడక తప్పదనుకుంటే కార్యాలయం ఫోను, కార్యాలయం నంబరు విడిగా పెట్టి, గ్యాలరీలోకి దిగే సెట్టింగు ఆపేయండి.

సర్వరుకాపు:

సైటు ఉంచుకోదలిస్తే చూసుకోవలసినవి మరికొన్ని. డొమైన్ ఎవరి పేర, ఎవరి ఈమెయిలు మీద నమోదైందో చూడండి. డిజైనరు పేర ఉంటే ఆయన ఫోను మార్చినా, వ్యాపారం మానేసినా మీ సైటుతో పాటు ఆ డొమైన్ మీది ఈమెయిలు కూడా పోతుంది. ఈ-ఫైలింగ్ పోర్టల్ ఓటీపీలు ఆ ఈమెయిలుకే వస్తుంటే పర్యవసానం మీకు నేను చెప్పనక్కరలేదు. వర్డ్‌ప్రెస్‌లో ‘అడ్మినిస్ట్రేటర్’ హోదా ఉన్న ఖాతాలు ఎన్ని ఉన్నాయో లెక్క తీసి, మీది తప్ప మిగతావి తీసేయండి లేదా హోదా తగ్గించండి. మీ ఖాతాకు రెండంచెల లాగిన్ పెట్టండి. వాడని ప్లగిన్లను డీయాక్టివేట్ చేసి వదలకుండా పూర్తిగా తొలగించండి, ఎందుకంటే ఆపేసిన ప్లగిన్ ఫైళ్లు కూడా సర్వరులో ఉండి దాడికి దారి ఇవ్వగలవు. డబ్బు పెట్టి కొనవలసిన థీమ్ (సైటుకు రూపం ఇచ్చే ఫైళ్లు) ఉచితంగా వచ్చిందని డిజైనరు చెబితే ఆ థీమ్ వెంటనే మార్చించండి. అప్‌లోడ్స్ ఫోల్డరులో పీహెచ్‌పీ ఫైళ్లు (సర్వరులో నడిచే ప్రోగ్రాములు) నడవకుండా అడ్డుకోమని హోస్టింగు వారిని అడగండి. ఫారం ద్వారా పీడీఎఫ్ వేషంలో ప్రోగ్రాము పంపి సైటును చేజిక్కించుకోవడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ సాగుతూనే ఉంది.

మీ డొమైన్‌కు, దాని పేర వచ్చిన మెయిలు నిజంగా మీదేనా అని తేల్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు కూడా పెట్టించండి. అవి లేకపోతే, గడువు దగ్గరపడినప్పుడు ‘మీ రీఫండు ఆగింది, ఈ లింకులో బ్యాంకు వివరాలు ఇవ్వండి’ అని మీ చిరునామాతోనే మీ క్లయింట్లకు ఎవరైనా మెయిలు పంపవచ్చు.

పద్దులపెట్టె:

ఫారం తీసేశాను, లాగ్‌లు దింపుకున్నాను. జిప్ ఫైలు దొరికింది, అది కూడా తొలగించాను. లాగ్‌లో ఆ ఫోల్డరు నుంచి ఫైళ్లు అడిగినవి మా కార్యాలయం ఐపీ, నేను పరీక్షించిన ఫోను మాత్రమే కనిపిస్తున్నాయి, కానీ లాగ్ గత నెల నుంచే ఉంది. అంతకుముందు సంగతి తెలియనప్పుడు క్లయింట్లకు చెప్పాలా?

లెడ్జరుమామయ్య:

చెప్పమనే నా సలహా. దాఖలా లేదన్న మాటను ‘ఎవరూ చూడలేదు’ అని మార్చి రాయకండి. ఫలానా తేదీ వరకు ఫారం ద్వారా వచ్చిన పత్రాలు లింకు తెలిస్తే తెరుచుకునే స్థితిలో ఉన్నాయని, ఇప్పుడు తొలగించామని, లభించిన లాగ్‌లో ఇతరులు తెరిచిన ఆనవాళ్లు లేవని, అంతకు ముందు కాలపు లాగ్ అందుబాటులో లేదని ఉన్నది ఉన్నట్టు రాయండి. వాళ్లు చేయవలసినవి కూడా అందులోనే చేర్చండి: క్రెడిట్ రిపోర్టు తెప్పించుకుని తమకు తెలియని లోనులు ఉన్నాయేమో చూడటం, ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోవడం, ఈ-ఫైలింగ్ పాస్‌వర్డు మార్చుకోవడం. ముందుగా ఆ సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఫోను చేయండి, మిగతావారికి ఉత్తరం పంపండి. సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలా అన్నది మాత్రం లాగ్‌లు, మీ ఉత్తరం ముసాయిదా పట్టుకుని ఒక న్యాయవాదిని ఈరోజే అడగండి. గడువు గంటలలో ఉంది కనుక రేపటికి వాయిదా వేయవద్దు.