వేడెక్కాక ఆగిపోతున్న 1970 ఎంజీబీ: పంప్ మార్చాలా, కాయిల్ మార్చాలా?

అడిగినవారు, కవెంట్రీ (ఇంగ్లండ్) నుంచి

అందరికీ నమస్కారం. ఈ చలికాలం మొదట్లో ఒక ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు లేని పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) కొన్నాను. 1970 మోడల్, క్రోమ్ బంపర్లు, జంట ఎస్‌యూ కంపెనీ కార్బురేటర్లు (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపేవి). మా ఆవిడ దీన్ని నా రెండో సంసారం అంటోంది.

చల్లగా ఉన్నప్పుడు చోక్ లాగి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటుంది. ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు హాయిగా నడుస్తుంది. ఆ తర్వాత రెండు మూడుసార్లు తుమ్మినట్టు చేసి ఆగిపోతుంది. పావుగంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. నిన్న కెనిల్‌వర్త్ దారిలో రౌండెబౌట్ మధ్యలో ఆగింది. వెనక డబుల్ డెక్కర్ బస్సు. టెన్షన్‌తో చెమటలు పట్టాయి.

కొన్న కొత్తలోనే సర్వీసింగ్ చేశాను: పాయింట్లు (కాయిల్‌కు కరెంటు కలిపి తెంచే స్విచ్), కండెన్సర్ (ఆ స్విచ్ మాడకుండా కాపాడేది), రోటర్ ఆర్మ్ (స్పార్క్‌ను వంతులవారీగా ప్లగ్గులకు పంచేది), ప్లగ్గులు అన్నీ ఒకే కిట్‌లో తెప్పించి వేశాను. ఇక ఫ్యూయల్ పంప్, కాయిల్ (బ్యాటరీ వోల్టేజీని స్పార్క్‌కు సరిపడా పెంచేది) కూడా ఆర్డర్ పెట్టేయనా?

రెడింగ్ నుంచి

ఏ పెట్రోల్ పోస్తున్నారు? 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడి బంకుల్లో మామూలు పెట్రోల్ అంటే ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిపింది. ఈ పాత బండ్లకు అది పడదు. రబ్బరు గొట్టాలు మెత్తబడతాయి, వేడికి త్వరగా ఆవిరవుతుంది కూడా. సూపర్ అన్‌లెడెడ్ ఈ5 (ఇథనాల్ ఐదు శాతానికి మించనిది) పోయండి. నాకైతే ఇది కార్బురేటర్ల దగ్గర పెట్రోల్ ఆవిరైపోవడంలాగే ఉంది.

అబింగ్డన్ నుంచి

తమ్ముడూ, ముందు ఆ ఆర్డర్ ఆపు. ఈ5 పోయమన్నది మంచి మాటే. కానీ పెట్రోల్ ఆవిరి బెడద ఎండాకాలం ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు ఎక్కువ. నీ బండి నడుస్తూ నడుస్తూ, అదీ ఈ చలిలో ఆగుతోంది.

బండి ఆగిన ఆ పది నిమిషాలే నీకు దొరికే సాక్ష్యం. అది చల్లబడ్డాక ఎంత వెతికినా ఏమీ కనపడదు. ఈసారి ఊరికి దూరంగా, పక్కన ఆపుకోవడానికి చోటున్న రోడ్డు మీద కావాలని తిప్పు. ఆగగానే తేల్చుకోవాల్సింది ఒక్కటే: పెట్రోల్ రావట్లేదా, స్పార్క్ రావట్లేదా?

మొదట పెట్రోల్ ట్యాంక్ మూత తియ్యి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే దోషం మూతదే. నీ మోడల్‌కు గాలి ఆడే మూత ఉండాలి. ఎవరైనా బిర్రుగా మూసుకునే మూత పెట్టి ఉంటే, పెట్రోల్ ఖర్చయ్యే కొద్దీ ట్యాంకులో గాలి తగ్గిపోయి పంప్ లాగలేక చేతులెత్తేస్తుంది.

తర్వాత ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి చెవి ఒగ్గు. ఎస్‌యూ పంప్ వెనక కుడి చక్రం వైపు ఉంటుంది. టిక్ టిక్ టిక్ అని గబగబా కొట్టి, కార్బురేటర్ల గిన్నెలు నిండగానే ఆగాలి. ఆగకుండా కొడుతూనే ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా ట్యాంకులో పెట్రోల్ లేదు. గిన్నెలు ఖాళీగా ఉండి కూడా అసలు కొట్టకపోతే దాని లోపలి పాయింట్లు పట్టేసినట్టు. స్క్రూడ్రైవర్ పిడితో పంప్ మీద చిన్నగా తట్టు. నవ్వకు, అలా తట్టి ఇల్లు చేరినవాళ్ళం చాలామందిమి ఉన్నాం.

పంప్ మామూలుగా ఉంటే స్పార్క్ చూడు. ఒక ప్లగ్గు విడిగా జేబులో ఉంచుకో. ఒక ప్లగ్ వైరు పీకి దానికి తగిలించి, దాని ఒంటికి జంప్ లీడ్ (రెండు కొసలా క్లిప్పులున్న తీగ) కరిపించి రెండో కొస ఇంజన్ ఇనుముకు పెట్టు. చేత్తో పట్టుకోకు. దగ్గర్లో పెట్రోల్ కారట్లేదని చూసుకున్నాకే ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమను. నీలంగా టప్‌టప్‌మని కొడితే స్పార్క్ బాగున్నట్టే. పసుపుగా, దారంలా సన్నగా వస్తేనో, అసలు రాకపోతేనో నా అనుమానం కండెన్సర్ మీదే.

అడిగినవారు

కండెన్సర్ కొత్తదే కదా అన్నా? వేసి రెండు నెలలు కూడా కాలేదు.

అబింగ్డన్ నుంచి

కొత్తదనే నా అనుమానం. ఇప్పుడు వచ్చే కండెన్సర్లు, రోటర్ ఆర్ములు కొన్ని మరీ నాసిగా ఉంటున్నాయి. కండెన్సర్ వేడికి లోపల వదిలేస్తుంది, చల్లబడితే మళ్ళీ పనిచేస్తుంది. నీ బండి చేస్తున్నది అచ్చం అదే. రోటర్ ఆర్మ్ విషయంలో పైన రివెట్ లేని ఎర్ర రకం తీసుకోవడం మేలు. రివెట్ ఉన్న నాసిరకం వాటిలో కరెంటు దాని గుండానే కిందికి దిగిపోతుంది.

డిస్ట్రిబ్యూటర్ (పాయింట్లు, రోటర్ ఆర్మ్ ఉండే డబ్బా) మూత తీసి పాయింట్ల ముఖాలు చూడు. రెండు నెలలకే నల్లగా మాడి ఉంటే కండెన్సర్ దొంగ దొరికినట్టే. పనిలో పనిగా సందు కూడా కొలువు, 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. పాత కండెన్సర్ పారేయలేదు కదా?

లెస్టర్ నుంచి

కాయిల్ కూడా ఒకసారి కొలవండి. వైర్లు పీకి, దాని రెండు చిన్న టెర్మినళ్ళ మధ్య మీటర్ పెడితే 3 ఓమ్‌ల దగ్గర చూపించాలి. నా 1969 బండిలో పాత ఓనర్ తర్వాత వచ్చిన రబ్బరు బంపర్ల మోడళ్ళ కాయిల్ బిగించాడు. అది 1.5 ఓమ్‌లది, బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కు వెళ్ళే కరెంటు తగ్గించేది) ఉన్న బండ్లకు వాడేది. నేరుగా 12 వోల్టులు తాగేసరికి ముట్టుకుంటే చెయ్యి కాలేది.

ఇదంతా ఎందుకు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ వేసేసుకోండి. పాయింట్లు, కండెన్సర్ గొడవే ఉండదు.

అబింగ్డన్ నుంచి

వేసుకోవచ్చు, తప్పేం లేదు. కాకపోతే అది పోతే రోడ్డు పక్కన చేసేదేమీ ఉండదు. పాయింట్లయితే గరుకు కాగితంతో రుద్దుకుని ఇల్లు చేరొచ్చు. ఎవరి ఇష్టం వారిది.

అడిగినవారు, వారం తర్వాత

అన్నా, దొరికింది! ఆదివారం పొద్దున మా అబ్బాయిని వెంటపెట్టుకుని వెళ్ళాను. సరిగ్గా ఇరవై రెండో నిమిషంలో ఆగింది. మూత తీస్తే చప్పుడు లేదు. పంప్ రెండు టిక్కులు కొట్టి ఊరుకుంది. వాడు సెల్ఫ్ కొడుతుంటే ప్లగ్గు వైపు చూశాను, అగరొత్తి కొసలా ఎర్రగా ఒకసారి మెరిసి పోయింది. కాయిల్ 3.1 ఓమ్‌లు, బాగానే ఉంది. పాయింట్లు మాత్రం బొగ్గులా ఉన్నాయి.

పాత కండెన్సర్ అదృష్టవశాత్తూ బిస్కెట్ల డబ్బాలో ఉంది. పాయింట్లు రుద్ది, దాన్ని బిగించి గంటన్నర తిప్పాను. ఎక్కడా ఆగలేదు.

ఒక్క తప్పు చేశాను. అర అంగుళం బోల్టుకు 13 మిల్లీమీటర్ల పానా వేసి మూలలు అరగదీశాను. అంగుళాల పానాల సెట్ తెప్పించుకున్నాను, ఆలస్యంగానైనా.

ఇంకో సందేహం. ఎడమ తలుపు కింద సిల్ (బాడీ పక్కన పొడవునా ఉండే రేకు దూలం) దగ్గర పెయింట్ బుడగలు లేచింది. ఒక గ్యారేజీ అతను చూసి "చిన్న ప్యాచ్ వెల్డింగ్ చాలు, ఎలాగూ దీనికి ఎంఓటీ (ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) అక్కర్లేదు" అన్నాడు. నమ్మొచ్చా?

లెస్టర్ నుంచి

నలభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులు చేయని బండికి ఎంఓటీ తప్పనిసరి కాదు, అంతవరకు నిజమే. బండి రోడ్డు మీద తిరగడానికి తగినట్టు ఉంచే బాధ్యత మాత్రం మీదే. నేను ఏటా డబ్బులిచ్చి చేయించుకుంటాను. ఇంకొకరి కళ్ళు కింద నుంచి చూస్తే మంచిది.

అబింగ్డన్ నుంచి

ప్యాచ్‌కు ఒప్పుకోకు తమ్ముడూ. ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు, రోడ్‌స్టర్‌కు పైకప్పూ లేదు. బండి మధ్యలో వంగకుండా పట్టుకునేవి ఆ సిల్‌లే. బయట కనపడే రేకు వెనక ఇంకా రెండు పొరలున్నాయి, తుప్పు లోపల మొదలై బయటికొస్తుంది. బుడగ కనపడిందంటే లోపల ఎప్పుడో తినేసి ఉంటుంది. చాలామంది పాత రేకు మీదే కొత్త రేకు కప్పి పెయింట్ కొట్టి అమ్మేస్తారు.

అసలు సిల్ ముందు మడ్‌గార్డ్ వెనక్కి, వెనక మడ్‌గార్డ్ కిందికి కూడా వెళ్తుంది. కాబట్టి సరైన పని అంటే ముందు మడ్‌గార్డ్ బోల్టులు విప్పాలి, వెనకదాని కింది భాగం కోయాలి. అవి ముట్టుకోకుండా చేస్తానంటే వద్దని చెప్పు. చేసేటప్పుడు తలుపు ఫ్రేముకు అడ్డంగా ఇనుప కడ్డీ టాకా వేశాకే కొయ్యాలి, లేకపోతే బాడీ వంగి తలుపు మళ్ళీ పడదు.

ఖర్చు పెట్టేముందు ఇంట్లోనే ఒక పరీక్ష చెయ్యి. తలుపు వెనక అంచుకూ బాడీకీ మధ్య సందు పైన, కింద కొలిచి రాసుకో. ఆ వైపు జాకీ పెట్టి మెల్లగా లేపి మళ్ళీ కొలువు. కిందికి మాత్రం దూరకు. సందు మారకపోతే వెల్డర్‌ను వెతుక్కునే టైముంది. మూసుకుపోతే బండి బయటికి తియ్యకు.

అడిగినవారు

ఇప్పుడే కొలిచి వచ్చాను. నేల మీద ఉన్నప్పుడు పైన 5 మిల్లీమీటర్లు. జాకీ ఎత్తాక 2. తలుపు తెరవబోతే పట్టేసింది. టార్పాలిన్ కప్పేశాను. కవెంట్రీ చుట్టుపక్కల ఇలాంటి పని తెలిసిన వెల్డర్ ఎవరైనా ఉంటే చెప్పండి.