స్పాన్సర్ లింకు మీద వైరస్ వార్నింగ్ వస్తే తీసెయ్యాల్సింది లింకునా, వార్నింగునా?

బీరపాదు:
ఎనిమిదేళ్లుగా మిద్దెతోటల మీద ఒక చిన్న సైటు నడుపుతున్నాను. ఏ నెలలో ఏ విత్తనం వెయ్యాలి, కుండీల్లోకి మట్టి ఎలా కలుపుకోవాలి, పిండినల్లి పడితే వేపనూనె ఎలా కొట్టాలి, ఇవే అందులో రాస్తాను. పాపప్ ప్రకటనలు పెట్టను. ఉన్నది ఒకే ఒక్క స్పాన్సర్, నాటు విత్తనాలు, గ్రో బ్యాగులు అమ్మే ఓ చిన్న దుకాణం. పేజీ అడుగున వాళ్ల బొమ్మ, పక్కనే ‘స్పాన్సర్’ అన్న మాట స్పష్టంగా ఉంటాయి. వాళ్లిచ్చే డబ్బు హోస్టింగ్‌కీ, డొమైన్ (సైటు చిరునామా పేరు) రెన్యువల్‌కీ సరిపోతుంది.

పోయిన నెల నా పాఠకుల్లో ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. "అమ్మా, నీ పేజీ తెరవగానే తెరంతా ఎర్రగా అయిపోయి ప్రమాదం అంటోంది. నా పెన్షన్ ఖాతాకేం కాదు కదా?" అన్నారు. ఆ గొంతులో వణుకు విని నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. రాత్రి రెండింటిదాకా కూర్చుని సైటు ఫైళ్లన్నీ వెతికాను. ఏమీ లేదు. ఆయన కంప్యూటర్లో ఉన్న సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ పట్టుకున్నది నా పేజీని కాదు, కింద ఉన్న స్పాన్సర్ లింకుని. కానీ ఆ ఎర్ర తెర మీద కనిపించింది మాత్రం నా సైటు పేరు.

ఆ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ల ఫారం నింపితే ‘మీ వినతి అందింది’ అని ఒక మెయిల్ వచ్చింది. 19 రోజుల తర్వాత వార్నింగ్ దానంతటదే పోయింది. ఎందుకు పెట్టారో, ఎందుకు తీశారో ఒక్క ముక్క చెప్పలేదు. ఈలోగా దుకాణం వాళ్లు ఈసారికి డబ్బు ఆపేస్తామన్నారు. మీరైతే ఏం చేసేవారు?

రైలుబండి:
మా పాత రైలింజిన్ల ఫొటోల సైటుకీ ఇదే జరిగింది. నేను ఆ గంటలోనే లింకు పీకేశాను. స్పాన్సర్ పోయాడు, పోనీ. చూసేవాళ్లకి భయం పట్టుకుంటే మళ్లీ రారు. నా ఓటు లింకు తీసెయ్యడానికే.

కాపలాదారు:
బీరపాదుగారూ, మీ బాధ నిజమే, కానీ నేను సాఫ్ట్‌వేర్ పక్షాన మాట్లాడతాను. స్పాన్సర్ చోటు అనేది దొంగలు దూరడానికి చాలా వీలైన కిటికీ. 2009 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ సైటుకే ఈ దెబ్బ తగిలింది. పేరున్న ఇంటర్నెట్ ఫోన్ కంపెనీ తరఫున అని నమ్మించి ఎవరో ప్రకటన కొన్నారు. కొన్నాళ్లు మామూలు బొమ్మే చూపించి, వారాంతం రాగానే దాని స్థానంలో నకిలీ యాంటీవైరస్ పాపప్ దించారు. అంత పెద్ద పత్రికే గుర్తుపట్టలేకపోయింది, మీరూ నేనూ ఎంత?

మన ఊళ్లలో సంగతి చూడండి. పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు) నొక్కి ఖాతాలు ఖాళీ చేసుకున్న రైతులు ఎంతమంది! మా నాన్నగారు కూడా నొక్కబోయారు, ఫోన్ అడ్డుకుంది కాబట్టి బతికిపోయాం. పది మంచి లింకులు ఆగినా పర్వాలేదు, ఒక్క చెడ్డది లోపలికి రాకూడదు. అది నా గట్టి నమ్మకం.

నట్టుబోల్టు:
వాదనకి ముందు ఆ లింకు ఎటు పోతోందో చూడాలి కదా. బీరపాదుగారు నాకు విడిగా పంపారు, చూశాను. నొక్కగానే నేరుగా దుకాణానికి వెళ్లదు. ముందు క్లిక్కులు లెక్కపెట్టే ఒక డొమైన్‌కి, అక్కడినుంచి కమిషన్ లెక్క చూసే ఇంకో డొమైన్‌కి, ఆ తర్వాతే దుకాణానికి. మధ్యలో ఉన్న ఆ లెక్కల డొమైన్‌ని ఎంతోమంది వాడతారు, వాళ్లలో మోసగాళ్లూ ఉంటారు. ఎవడో ఒకడు దాని మీదుగా చెత్త పంపితే మొత్తం డొమైన్‌నే బ్లాక్‌లిస్టులో వేసేస్తారు. షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే ఐపీ అడ్రసు మీద వందల సైట్లు ఉన్నప్పుడు జరిగేదీ ఇదే. రైలుబండిగారిది బహుశా ఆ రకం.

ఒక లింకునో ఫైలునో చాలా కంపెనీల యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించే వైరస్‌టోటల్ అనే సైటులో వేసి చూశాను. అక్కడ ఉన్న డెబ్బై దాకా యాంటీవైరస్ ఇంజిన్లలో రెండే చెడ్డది అన్నాయి. ఆ రెండూ విడివిడిగా తేల్చాయా, ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసుకుందా అన్నది వేరే ప్రశ్న. 2010లో కాస్పర్‌స్కీ అనే యాంటీవైరస్ కంపెనీ వాళ్లు దీన్నే పరీక్షించారు. ఏ హానీ లేని 20 ఫైళ్లు తయారుచేసి, వాటిలో పదింటికి కావాలనే చెడ్డవని ముద్ర వేసి వైరస్‌టోటల్‌కి పంపారు. పదిరోజులు దాటేసరికి, 14 దాకా ఇతర కంపెనీలు ఆ పదింటినీ చెడ్డవే అనేశాయి. ఒకరి పొరపాటు అలా ఊరంతా పాకుతుంది.

కాపలాదారు:
ఆ పరీక్ష సంగతి నాకు తెలుసు, ఒప్పుకుంటాను. అయినా మూడు మెట్లు తిప్పి తీసుకెళ్లే లింకు పద్ధతి మోసగాళ్లదే కదా? మనమూ అలాగే తిప్పితే యంత్రం దేన్ని చూసి తేడా కనిపెట్టాలి?

బీరపాదు:
కాపలాదారుగారూ, మీ చివరి మాట న్యాయంగా ఉంది, అందుకే దాని మీద పని చేశాను. దుకాణం వాళ్లతో మాట్లాడి, ఆ లెక్కలు వద్దని చెప్పి, నేరుగా వాళ్ల చిరునామాకే లింకు ఇచ్చాను. ఇది డబ్బు తీసుకుని పెట్టిన లింకు అని చెప్పడానికి కోడులో 2019 నుంచి గూగుల్ అడుగుతున్న ‘స్పాన్సర్డ్’ గుర్తు కూడా పెట్టాను. అది సెర్చ్ కోసమే, యాంటీవైరస్‌కి దానితో సంబంధం లేదు, అయినా పెట్టాను.

కానీ పది మంచివి ఆగినా పర్వాలేదన్న మాట నేను ఒప్పుకోను. ఆగినవాళ్లకి ఆ సంగతి చెప్పే దిక్కు ఉండాలి కదా! 2009 జనవరి 31న, మనకి శనివారం రాత్రి ఎనిమిది ప్రాంతంలో, గూగుల్ సెర్చ్‌లో వచ్చిన దాదాపు ప్రతి సైటు కిందా ‘ఇది మీ కంప్యూటర్‌కి హాని చేయవచ్చు’ అని పడింది. చెడ్డ సైట్ల జాబితాలో ఎవరో పొరపాటున ఒక్క గీత, ‘/’ గుర్తు, చేర్చారు. ఆ గుర్తు లేని వెబ్ చిరునామా ఉండదు. నలభై నిమిషాల్లో సరిచేసి, జరిగిందేమిటో అదే రోజు బయటపెట్టి క్షమాపణ చెప్పారు. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ యాంటీవైరస్ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీలోని అసలైన సిస్టమ్ ఫైలునే వైరస్ అనుకుని పట్టుకుంటే, ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో కంప్యూటర్లు ఆగకుండా రీస్టార్ట్ అయ్యాయి. వాళ్లూ జవాబు చెప్పాల్సి వచ్చింది. దెబ్బ తిన్నవాళ్లు లక్షల్లో ఉంటే గంటల్లో జవాబు వస్తుంది. నాలాంటి ఒక్కదానికి 19 రోజులు, అదీ జవాబు లేకుండా.

ఎర్ర తెర అంటే ఒక మనిషి మీద వేసే నింద. వేసేవాళ్లు మూడు సంగతులు చెప్పాలి: ఏ లింకు, ఏ కారణం, ఎన్నాళ్లలో తిరిగి చూస్తారు. అంతకు మించి అడగను. లింకు చెడ్డదైతే పేజీని వదిలి, నొక్కినప్పుడే ఆపండి. ఆపే శక్తి ఉన్న సాఫ్ట్‌వేర్‌కి ఇది చెయ్యడం కష్టమా?

నట్టుబోల్టు:
అమెరికా కోర్టుల్లో కూడా ఇది నలిగింది. జాంగో అనే యాడ్‌వేర్ (ప్రకటనలు చూపించే సాఫ్ట్‌వేర్) కంపెనీ కాస్పర్‌స్కీ మీద వేసిన కేసు 2009లో ఓడిపోయింది, ఆపే హక్కు సాఫ్ట్‌వేర్‌కి ఉందన్నారు. ఎనిగ్మా, మాల్‌వేర్‌బైట్స్ కేసులో 2023లో అప్పీల్ కోర్టు వేరే కోణం చూసింది. అవి రెండూ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అమ్మే పోటీ కంపెనీలు. ఒకరి సరుకుని ‘ముప్పు’ అనడం ఉత్త అభిప్రాయం కాదు, నిజమో కాదో తేల్చగల మాట అని కేసు ముందుకు సాగనిచ్చింది. మీరడిగే ‘కారణం చెప్పండి’కి అది దగ్గరగా ఉంది.

కాపలాదారు:
కారణం చెప్పాలన్న దాకా నేనూ వస్తాను. మొత్తం కారణం చెబితే మోసగాళ్లు తప్పించుకునే దారి నేర్చుకుంటారు, అక్కడ మాత్రం ఆగుతాను. ఏ లింకో చెప్పడంలో మాత్రం ఏ రహస్యమూ లేదు. ఆ మాస్టారుగారు ఇప్పుడు సైటు చూస్తున్నారా?

బీరపాదు:
లేదండీ. వార్నింగ్ పోయిందని నేనే ఫోన్ చేసి చెప్పాను, సరే అన్నారు. నిన్న మళ్లీ ఫోన్ వచ్చింది, పాలకూర మొలకలు ఎందుకు వంగిపోతున్నాయని. దాని మీద నా సైటులో పెద్ద పేజీయే ఉంది. "ఫోన్లోనే చెప్పమ్మా, రాసుకుంటాను" అన్నారు.