నర్సింగ్‌కు ముందు ఇంకో డిగ్రీ అవసరమా? చేసినవాళ్లు చెప్పండి

వాన చినుకు:
నర్సింగ్ సీటు కోసం ఒకసారి ప్రయత్నించాను, రాలేదు. "ఏడాదంతా ఖాళీగా ఎందుకు, బయాలజీలో మూడేళ్ల డిగ్రీ చేసెయ్, నర్సింగ్ సంగతి తర్వాత చూద్దాం" అంటున్నారు ఇంట్లో. నా మనసంతా వార్డు మీదే ఉంది. ఆ డిగ్రీ తర్వాత పనికొస్తుందా, వయసు పెరగడమేనా? రెండు వారాల్లో ఫీజు కట్టాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

నైట్ డ్యూటీ అక్క:
చెల్లీ, నేను మైక్రోబయాలజీ డిగ్రీ అయ్యాకే నర్సింగ్‌కి వచ్చాను. లాభం లేదని అనను. బ్యాక్టీరియాకు రంగు వేసి గుర్తించే గ్రామ్ స్టెయినింగ్ నా చేత్తో చేసినదాన్ని కాబట్టి, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే కల్చర్‌కి (శాంపిల్‌లోని సూక్ష్మజీవుల్ని పెంచి చూసే పరీక్షకి) శాంపిల్ ఎందుకు తీయాలో నాకెవరూ చెప్పాల్సిన పని పడలేదు. ఆ ధైర్యం ఇప్పటికీ ఉంది.

కానీ మొదటి పోస్టింగ్‌లో పక్షవాతం వచ్చిన పెద్దాయన్ని పక్కకు తిప్పి వీపు తుడవాల్సి వచ్చింది. నాకు చేతులు ఆడలేదు. స్కూలు చదువు అవగానే నేరుగా చేరిన అమ్మాయి వచ్చి, ఆయన మోకాలు మడిచి, ఒక చెయ్యి భుజం మీద, ఒక చెయ్యి నడుం మీద వేసి మెల్లగా తిప్పింది. కింద దుప్పటి ముడతను అరచేత్తో సాపు చేస్తూ, "ఇది ఇలాగే వదిలేస్తే పుండు పడుతుందక్కా" అంది. నా మూడేళ్ల ల్యాబ్‌లో ఆ ముడత సంగతి ఎక్కడా లేదు. ఇద్దరం ఒకే జీతానికి చేరాం. తను నాకంటే మూడేళ్లు చిన్నది.

ఇంకొకటి. మా కాలేజీ నా పాత సబ్జెక్టుల్లో ఒక్కదాన్నీ లెక్కలోకి తీసుకోలేదు. మైక్రోబయాలజీతో సహా అన్నీ మళ్లీ చదివాను. ఏవి మినహాయిస్తారో ముందే అడిగి, కాగితం మీద రాయించుకో.

రెండో దారి:
అక్క చెప్పింది నిజమే కానీ నా సంగతి వేరు. నాకు కామర్స్ డిగ్రీ ఉంది, నాలుగేళ్లు ఆఫీసులో పనిచేశాను. అమ్మ ఐసీయూలో ఉన్న రోజుల్లో నర్సింగ్ మీద మనసు పడింది. అమెరికాలో వేరే డిగ్రీ ఉన్నవాళ్లకు యాక్సిలరేటెడ్ కోర్సులుంటాయి. మామూలుగా 11 నుంచి 18 నెలల్లో నర్సింగ్ డిగ్రీ అయిపోతుంది. అందులో చేరాను. చాలా చోట్ల అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ ముందే పూర్తి చేసి ఉండాలి. అవి చదివి చాలా ఏళ్లయితే కొన్ని కాలేజీలు ఒప్పుకోవు కూడా.

డిగ్రీ ముందే చేతిలో ఉన్నవాళ్లకు ఇది మంచి దారి. దీనికోసమే కొత్తగా డిగ్రీ మొదలుపెట్టకండి, లెక్క కుదరదు. నేరుగా చేరితే మొత్తం నాలుగేళ్లతో అయిపోతుంది.

స్టెతస్కోప్:
ఐరోపా యూనియన్ నిబంధనల్లో జనరల్ నర్సు శిక్షణ కనీసం 4,600 గంటలు. అందులో సగమైనా క్లినికల్ శిక్షణే, అంటే నేరుగా రోగుల దగ్గర నేర్చుకునేదే ఉండాలి. బయాలజీ ల్యాబ్‌లో ఆ గంటలు రావు.

ఆకుపచ్చ డైరీ:
నేను సైకాలజీ చదివి వచ్చాను, ఒక్కరోజు కూడా బాధపడలేదు. అయితే అది నాకు ఇష్టమై చదివాను, సీటు రాక కాదు. వాన చినుకు గారూ, నర్సింగ్ అనేదే లేకపోతే బయాలజీ చదివేవారా?

వాన చినుకు:
లేదండీ. ఆ ప్రశ్న చూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఈ ఏడాది నర్సింగ్ అసిస్టెంట్‌గా పని వెతుక్కుని, దాంతోపాటే మళ్లీ ప్రవేశానికి చదవాలనుకుంటున్నాను. నాన్నకు అక్క రాసింది చదివి వినిపించాను. "ఫీజు ఇప్పుడే కట్టొద్దులే" అన్నారు. అక్కా, పనిలో చేరేముందు ఏం నేర్చుకోమంటావు?

నైట్ డ్యూటీ అక్క:
సెకన్ల ముల్లున్న వాచీ కొనుక్కో. ఇంట్లో అందరి నాడీ పూర్తి నిమిషం పట్టి లెక్కపెట్టు, కాగితం మీద రాయి. రేపటి నుంచే మొదలుపెట్టు.